తెగిన తీగ, తప్పుడు మాట

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వారం వారం వీడియోలో మాట్లాడుకోవడం మనకి ఇవాళ మంచినీళ్ళ ప్రాయం. మనం ఇక్కడ "అమ్మా" అన్న ఒక్క మాట అంటే, అది చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్కా ఒక పొట్లంలోకి చేరుతుంది. ఆ పొట్లాలు ఎన్నో యంత్రాల చేతులు మారి, సముద్రం అడుగున ప్రయాణం చేసి, తెనాలిలోనో కరీంనగర్ లోనో ఒక గదిలో మళ్ళీ మాటగా అతుక్కుంటాయి. ఇంగ్లీషులో ప్యాకెట్ అనే దాన్నే నేను పొట్లం అంటున్నాను.

ఇంత దూరం వెళ్ళే పొట్లానికి దారి చెప్పేదెవరు? చాలామంది ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్ ఉండి, ప్రపంచపటం ముందు పెట్టుకుని దారులు చూపిస్తుందనుకుంటారు. అలాంటి కంప్యూటర్ ఎక్కడా లేదు. మొదటినుంచి చివరిదాకా మొత్తం దారి తెలిసిన యంత్రం అంటూ ఏదీ లేదు. మధ్యలో ఉన్న ఒక్కొక్క యంత్రానికీ తెలిసింది ఒక్కటే: ఈ పొట్లాన్ని తరవాత ఎవరి చేతికి ఇవ్వాలి? ఆ సంగతి రాసి పెట్టుకున్న పట్టికనే రూటింగ్ టేబుల్ అంటారు. ఈ వ్యాసం వరకూ దాన్ని దారుల చిట్టా అందాం.

ఇరవై ఏళ్ళ పైచిలుకు నేను ఈ చిట్టాలు రాసే సాఫ్ట్‌వేర్ తోనే పొట్ట పోసుకుంటున్నాను. రోజూ చూసే పట్టికే కదా అని చాలాకాలం దాని చరిత్ర పట్టించుకోలేదు. తీరా వెనక్కి వెళ్ళి చదివితే, ఆ పట్టికలో ప్రతి గడి వెనకా ఒక కథ ఉంది. కథలన్నిటికీ కేంద్రం ఒకే ప్రశ్న: పొరుగువాడు చెప్పిన మాటని ఎంతవరకూ నమ్మాలి?

ఒక వరుసలో ఏముంది?

ఆఫీసులో ఉండే ఒక మాదిరి పెద్ద స్విచ్ లోకి వెళ్ళి "షో ఐపీ రూట్" అని ఆజ్ఞ ఇస్తే తెర మీదకి చిట్టా వస్తుంది. అందులో ఒక వరుసని మన లిపిలోకి మారిస్తే ఇలా ఉంటుంది:

ఓ 10.20.0.0/16 [110/20] వయా 10.1.1.2, 00:14:32, వీలాన్ 30

మొదటి అక్షరం ఈ కబురు ఎలా తెలిసిందో చెబుతుంది. "సి" అని ఉంటే ఆ నెట్‌వర్క్ నేరుగా ఈ స్విచ్చికే తగిలించి ఉందని. "ఎస్" అని ఉంటే ఎవరో మనిషి చేత్తో రాసి పెట్టాడని. "ఓ" అంటే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో ఇంటి లోపలి యంత్రాలు చెప్పుకున్న కబురు. "బి" అంటే బీజీపీ, బయటి ప్రపంచం చెప్పిన కబురు. తరవాతది గమ్యం. "వయా" పక్కనున్నది పొట్లాన్ని అందుకోవలసిన తరవాతి చెయ్యి. ఆ తరవాత, ఈ కబురు అంది ఎంతసేపయింది: పద్నాలుగు నిమిషాల ముప్ఫై రెండు సెకండ్లు. ఆఖరిది, ఏ గుమ్మంలోంచి బయటికి పంపాలి అన్నది.

బ్రాకెట్లో ఉన్న రెండు అంకెల్లో రెండోది దారి ఖర్చు. మొదటిది నాకు చాలా ఇష్టమైన అంకె. కబురు చెప్పినవాడి మీద ఈ యంత్రానికి ఎంత అపనమ్మకమో అది చెబుతుంది. సిస్కో పరికరాల్లో, వేరే ఏమీ మార్చకపోతే, నేరుగా తగిలించిన తీగకి 0, మనిషి చేత్తో రాసినదానికి 1, ఓఎస్‌పీఎఫ్ కి 110, పాతకాలపు రిప్ అనే పద్ధతికి 120. అంకె పెరిగినకొద్దీ నమ్మకం తగ్గుతుంది. 255 అయితే ఆ మాట అసలు నమ్మదు. తమాషా ఏమిటంటే, బయటి సంస్థ బీజీపీ ద్వారా చెప్పినదానికి 20. అంటే ఒకే గమ్యం గురించి ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ చెరో దారీ చెబితే, ఈ యంత్రం బయటివాళ్ళ మాటే వింటుంది! గమ్యం బయటే ఉన్నప్పుడు ఇల్లంతా చుట్టి రాకుండా దగ్గరి గుమ్మంలోంచి బయటపడటం మేలన్నది దీని వెనకున్న ఆలోచన.

వేడి బంగాళాదుంప

కథ 1960లలో మొదలవుతుంది. రాండ్ సంస్థలో పనిచేసిన పాల్ బరాన్ కి ఒక బెంగ ఉండేది. అమెరికా టెలిఫోన్ వ్యవస్థ అంతా కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీల మీద ఆధారపడి ఉంది. అణుయుద్ధమే వస్తే, ఆ నాలుగు చోట్లా బాంబులు పడితే, దేశం మూగబోతుంది. దానికి ఆయన 1964లో ప్రచురించిన పరిష్కారం ఇది: పెద్ద కేంద్రం అంటూ ఉండకూడదు. చేపల వలలాగా ప్రతి ముడికీ చాలా పోగులు ఉండాలి. కబురుని ముక్కలు చెయ్యాలి. ప్రతి ముడీ చేతికొచ్చిన ముక్కని, వేడి బంగాళాదుంపని వదిలించుకున్నట్టు, వెంటనే మంచి దారి అనిపించినవైపు విసిరెయ్యాలి. ఒక పోగు తెగితే ఇంకో పోగు. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్ అలాంటి ఆలోచనే స్వతంత్రంగా చేసి, ఆ ముక్కలకి ప్యాకెట్ అని పేరు పెట్టారు.

1969లో అమెరికా రక్షణశాఖ వారి ఆర్పానెట్ మొదలైంది. బాంబులని తట్టుకోవడానికే దాన్ని కట్టారని ఒక పుకారు ఉంది కానీ, కట్టినవాళ్ళ అసలు ఉద్దేశం ఖరీదైన కంప్యూటర్లని నలుగురూ పంచుకోవడం. బరాన్, డేవిస్ ల ఆలోచనలు మాత్రం అందులోకి వచ్చాయి. ఆ ఏడాది చివరికి ఉన్న ముడులు నాలుగు: లాస్ ఏంజిలిస్, స్టాన్‌ఫర్డ్, శాంటా బార్బరా, యూటా. ప్రతి చోటా ఇంప్ అనే యంత్రం ఉండేది. కేంబ్రిడ్జ్ లోని బీబీఎన్ సంస్థ వీటిని హనీవెల్ కంప్యూటర్ల మీద తయారు చేసింది. ఒక్కొక్క దాని జ్ఞాపకశక్తి 12 వేల పదాలు, ఒక్కొక్క పదం 16 బిట్లు. ఇవాళ మన ఫోనులో ఒక ఫొటోకి కూడా ఆ జాగా చాలదు. దారుల చిట్టా మొదటిసారి పనిలోకి దిగింది అక్కడే.

పద్ధతి చాలా సులువు. ప్రతి ఇంప్ సెకనులో మూడింట రెండు వంతులకి ఒకసారి తన చిట్టాని పొరుగువాళ్ళకి పంపేది. "నా నుంచి యూటాకి దూరం 2" అని పొరుగువాడు చెబితే, "అయితే వాడి ద్వారా నాకు 3" అని ఇది రాసుకునేది. ఎవరూ పటం చూడలేదు. అందరూ పక్కవాడి మాట విని, ఒకటి కలుపుకుని, ఇంకో పక్కవాడికి చెప్పారు.

మన వరుసలో గమ్యం 10 తో మొదలైంది, చూశారా? ఆర్పానెట్ కి ఇచ్చిన నంబరు 10. 1990లో ఆర్పానెట్ ని మూసేశాక ఆ నంబరు ఖాళీ అయింది. దాన్ని 1996లో ఎవరైనా తమ ఇంట్లో, ఆఫీసులో సొంతానికి వాడుకోవచ్చని ఖరారు చేశారు. మీ ఆఫీసు కంప్యూటర్ చిరునామా 10 తో మొదలైతే, అది ఆ తాతగారు వదిలి వెళ్ళిన ఇంటి నంబరే.

పుకార్లు, పటాలు

పక్కవాడి మాట విని లెక్క కట్టే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. తెనాలికి వెళ్ళే దారి నా ఇంటి ముందునుంచే ఉందనుకోండి. మీరు నా పొరుగు. "తెనాలికి నా ద్వారా 1" అని నేను చెప్పాను, మీరు 2 అని రాసుకున్నారు. ఇంతలో నా దారి తెగిపోయింది. నేను దిక్కులు చూస్తుంటే మీరు, "తెనాలికి నాకు 2 లో దారి ఉంది" అన్నారు. ఆ దారి నాదేనని మీరు చెప్పలేదు, నాకు తెలియదు. నేను సంతోషంగా 3 అని రాసుకున్నాను. మీరు నా మాట విని 4 అన్నారు, నేను 5 అన్నాను. లేని దారి దూరం పెరుగుతూనే ఉంటుంది, తెనాలి పొట్లాలు మన ఇద్దరి మధ్యా బంతిలాగా తిరుగుతూనే ఉంటాయి. 1980లలో బాగా వాడిన రిప్ పద్ధతిలో దీనికి చేసిన వైద్యం మొరటుది: అంకె 16 కి చేరితే దారి లేనట్టే అని తీర్మానించారు.

దీనికంటే పెద్ద చిక్కు, పొరుగువాడు పొరపాటు పడితే? 1970లలో హార్వర్డ్ లో ఉన్న ఇంప్ కి మెమరీ చెడి, దాని చిట్టాలో దూరాలన్నీ సున్నాలయ్యాయి. "నా నుంచి ఎక్కడికైనా దూరం సున్నా" అని అది పొరుగువాళ్ళకి చాటింది. అంత దగ్గర దారి ఎవరికి చేదు? అందరూ పొట్లాలని హార్వర్డ్ వైపు తోలారు. వెళ్ళినవి వెళ్ళినట్టే మాయమయ్యాయి. ఒక్క తీగ కూడా తెగలేదు. ఒక్క తప్పుడు మాట చాలింది.

1979లో ఆర్పానెట్ పద్ధతి మార్చింది. ఇకమీదట "నాకు ఫలానా ఊరు ఇంత దూరం" అనే చేతులు మారిన కబుర్లు వద్దు. ప్రతి ఒక్కరూ తన గుమ్మానికి తగిలిన తీగల సంగతి మాత్రమే అందరికీ చెప్పాలి. ఆ ముక్కలన్నీ కలిపి ఎవరి పటం వారు గీసుకుని, దగ్గర దారి వారే లెక్క కట్టుకోవాలి. పుకారు కాదు, కళ్ళారా చూసింది చెప్పు అన్నమాట. పటం మీద దగ్గర దారి వెతికే లెక్క అప్పటికే సిద్ధంగా ఉంది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ లో ఎడ్జర్ డైక్‌స్ట్రా కాబోయే భార్యతో షాపింగుకి వెళ్ళి, అలిసిపోయి కాఫీ తాగుతూ, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించిన లెక్క అది. ఇవాళ్టి ఓఎస్‌పీఎఫ్ ఆ వంశంలోదే. మన వరుస మొదట్లో ఉన్న "ఓ" ఆ కాఫీ బల్ల దగ్గర పుట్టిందనవచ్చు.

పుకార్లు తగ్గాయి కానీ తప్పుడు మాట పోలేదు. 1980 అక్టోబర్ 27న ఒక ఇంప్ పంపిన కబురులో బిట్లు రాలిపోయి, వరుస నంబర్లు 8, 40, 44 ఉన్న మూడు కబుర్లు తయారయ్యాయి. నంబర్లు గడియారంలాగా గుండ్రంగా తిరిగేవి కాబట్టి 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది, 44 కంటే మళ్ళీ 8 కొత్తది! ప్రతి యంత్రమూ "ఇది కొత్త కబురు" అనుకుని పక్కవాడికి పంపుతూ పోయింది. ఆర్పానెట్ కొన్ని గంటలపాటు మూలపడింది.

స్విచ్ లోకి చిట్టా ఎలా వచ్చింది?

పాతకాలపు లెక్క ప్రకారం దారులు చూపేది రూటర్ పని. స్విచ్ ఒకే భవనంలోని కంప్యూటర్లని కలిపేది, అంతే. ఈథర్‌నెట్ స్విచ్చిని 1990 ప్రాంతంలో బజారులోకి తెచ్చిన సంస్థ పేరు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది: కల్పన! భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ తో కలిసి పెట్టిన కంపెనీకి తన భార్య పేరు పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. తరవాత కొన్నేళ్ళలో రూటర్ చేసే పని కూడా స్విచ్ లోని చిప్పులకే నేర్పారు. అలా దారుల చిట్టా స్విచ్ లోకి కాపురానికి వచ్చింది.

నిజానికి ఇప్పుడు స్విచ్ లో చిట్టాలు రెండు. తెర మీద కనిపించేది సాఫ్ట్‌వేర్ రాసుకున్న చిట్టా. అందులో తేలిన సారాన్ని చిప్పులో ఉన్న ప్రత్యేకమైన మెమరీలోకి దింపుతారు. పొట్లాలని పంపేది ఆ రెండోదే. ఈ మెమరీ ఖరీదైనది, కొలిచి పెట్టినది. 2014 ఆగస్టు 12న ప్రపంచపు చిట్టా 5,12,000 వరుసల ఎల్లలు దాటబోతూ ఉండగా ఒక్కసారిగా వేల వరుసలు అదనంగా వచ్చి పడ్డాయి. చాలా పాత పరికరాల్లో దానికి కేటాయించిన జాగా నిండిపోయి, కొన్ని చోట్ల ఇంటర్నెట్ తడబడింది. ఇప్పుడు ఆ చిట్టా దాదాపు పది లక్షల వరుసలు.

నాప్కిన్ మీద రాసిన ఒప్పందం

పది లక్షలతో ఆగడానికి కూడా కారణం మన వరుసలో ఉంది. /16 అన్న చిన్న ముక్క. దీనికి మన పిన్‌కోడ్ మంచి పోలిక. తెనాలి పిన్‌కోడ్ 522201. ఢిల్లీలో ఉత్తరాలు వేరు చేసే మనిషికి తెనాలి ఎక్కడుందో తెలియనక్కరలేదు. మొదటి అంకె 5 చూసి దక్షిణాది సంచిలో వేస్తాడు. 522 దగ్గరికి వచ్చేసరికి గుంటూరు ప్రాంతం అని తెలుస్తుంది. మిగతా అంకెలు అక్కడివాళ్ళు చూసుకుంటారు. /16 అంటే, చిరునామాలోని 32 బిట్లలో మొదటి 16 చూస్తే చాలు అని. 1993 వరకూ బయటి ప్రపంచపు చిట్టాల్లో చిరునామాలు మూడే సైజుల్లో దొరికేవి. ఒకటి మరీ పెద్దది, ఒకటి మరీ చిన్నది, మధ్యస్థం అందరికీ కావాలి. అవి అయిపోతున్నాయి, చిట్టాలు పొంగిపోతున్నాయి. అప్పుడు ఎంత పొడవు కావాలంటే అంత పొడవు ముందుభాగం రాసుకునే పద్ధతి తెచ్చారు. దీనికి ఒక నియమం ఉంది, ముందు కథకి ఇదే కీలకం: రెండు వరుసలు సరిపోతే, ఎక్కువ బిట్లు సరిపోయిన వరుసదే గెలుపు. నమ్మకం అంకె కూడా దీని తరవాతే.

ఇక "బి" సంగతి. 1989 జనవరిలో టెక్సస్ లోని ఆస్టిన్ లో ఇంజనీర్ల సమావేశం జరిగింది. సిస్కోలో పనిచేసే కర్క్ లౌహీడ్, ఐబీఎం లో పనిచేసే యాకవ్ రెక్టర్ భోజనాల దగ్గర కూర్చుని, సంస్థలు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతిని నాప్కిన్ల మీద గీశారు. అదే బీజీపీ. దాన్ని ఇప్పటికీ రెండు నాప్కిన్ల ప్రోటోకాల్ అని వేళాకోళం చేస్తారు. తాత్కాలిక మరమ్మత్తుగా పుట్టినది, మూడున్నర దశాబ్దాలు దాటినా ఇంకా ఇంటర్నెట్ ని మోస్తోంది. అప్పట్లో నెట్‌వర్క్ నడిపేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళు. పక్కవాడు అబద్ధం చెబుతాడేమో అన్న ఆలోచనకి ఆ నాప్కిన్ల మీద చోటు దొరకలేదు.

బీజీపీలో దగ్గర దారి అంటే మైళ్ళ లెక్క కాదు. ఎవరికి ఎవరితో ఒప్పందం ఉంది, ఎవరు ఎవరికి డబ్బు కడతారు అన్నదే లెక్క. ఇండియాలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకి ఇంటర్నెట్ ఇచ్చింది. తరవాత వేరే కంపెనీలూ వచ్చాయి. కానీ ఈ కంపెనీలకి దేశంలో కలుసుకునే కూడలి లేదు. దాంతో ఒక కంపెనీ కనెక్షన్ ఉన్న ఇంటినుంచి అదే ఊళ్ళో ఇంకో కంపెనీ కనెక్షన్ ఉన్న ఇంటికి పంపిన ఉత్తరం సముద్రాలు దాటి విదేశంలో మలుపు తిరిగి రావడం మామూలే. మనం మాత్రమే కాదు, మన ఊరి మాటలు కూడా అమెరికా వెళ్ళి వచ్చాయన్నమాట! 2003లో నిక్సీ అనే సంస్థ పెట్టి, దేశంలోని మాటలు దేశంలోనే చేతులు మారేలా కూడళ్ళు కట్టారు. తరవాత హైదరాబాద్ లో కూడా ఒకటి వచ్చింది.

2008: రెండు పరీక్షలు

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు పెద్ద కేబుళ్ళు తెగాయి. ఇండియానించి పడమటికి వెళ్ళే దారిలో పెద్ద భాగం ఒక్కసారిగా పోయింది. ఇంటికి ఫోన్లు చేసుకునే మనలాంటివాళ్ళకీ, ఆఫ్‌షోర్ పనులు నడిపేవాళ్ళకీ అది గడ్డురోజు. అయినా పూర్తిగా చీకటి కాలేదు. పడమటి వరుసలు చిట్టాల్లోంచి రాలిపోయాయి. తూర్పునుంచి, పసిఫిక్ మీదుగా వెళ్ళే వరుసలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఇరుకుగా, నెమ్మదిగా, అయినా మాట నడిచింది. బరాన్ కలగన్న చేపల వల తన పని తాను చేసింది.

నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 24న రెండో పరీక్ష. పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్ ని ఆపమంది. పాకిస్తాన్ టెలికామ్ ఇంజనీర్లు 208.65.153.0/24 అనే చిరునామాల గుంపుకి తమ దగ్గర ఒక ఉత్తుత్తి దారి రాసుకున్నారు. అది దేశం లోపల ఉండాల్సిన వరుస. కానీ బీజీపీ ద్వారా బయటికి పొక్కింది. బయటి పెద్ద సంస్థ సరిచూడకుండా దాన్ని ప్రపంచానికి చాటింది. యూట్యూబ్ తన గురించి తాను చెప్పుకున్నది 208.65.152.0/22. ఇరవై రెండు కంటే ఇరవై నాలుగు ఎక్కువ. నియమం ప్రకారం ఎక్కువ బిట్లు సరిపోయినదే గెలుపు. ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కి వెళ్ళాల్సిన పొట్లాలు పాకిస్తాన్ దారి పట్టి అక్కడ మాయమయ్యాయి. సుమారు రెండు గంటల తరవాత గానీ సద్దుమణగలేదు.

ఈ రెండు సంఘటనలనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంటర్నెట్ తత్వమంతా కనిపిస్తుంది. తీగ తెగితే తట్టుకోవడానికి మనం యాభై ఏళ్ళకి పైగా శ్రమపడ్డాం, గెలిచాం. తప్పుడు మాటకి మాత్రం హార్వర్డ్ రోజుల్లో ఎంత తేలిగ్గా లొంగిపోయిందో, 2008లోనూ అంత తేలిగ్గానే లొంగిపోయింది. పైగా, తెగిన తీగని దాటి పోయేందుకు ఏ శక్తి ఉపయోగపడిందో, తప్పుడు మాటని భూగోళమంతా నిమిషాల్లో పాకించినదీ అదే శక్తి. పక్కవాడు చెప్పిన కొత్త కబురుని వెంటనే నమ్మి ఇంకొకరికి చెప్పడం.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలు ఆగిపోయినప్పుడూ బయట తీగలు బాగానే ఉన్నాయి. లోపలి మరమ్మత్తులో ఒక తప్పు ఆజ్ఞ వల్ల వాళ్ళ సొంత నెట్‌వర్క్ తెగి, "మా దగ్గరికి దారి లేదు" అని వాళ్ళ యంత్రాలే చాటాయి. ప్రపంచపు చిట్టాలు ఆ మాటా విన్నాయి, వరుసలు కొట్టేశాయి. ఇంటినుంచి మెసేజ్ రాక ఆ రోజు ఎంతమంది కంగారు పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది.

దీనికి మందు లేకపోలేదు. ఆర్‌పీకేఐ అనే పద్ధతిలో, ఫలానా చిరునామాల గుంపుని ఫలానా సంస్థే చాటవచ్చు అని సంతకం చేసిన పత్రం రాసి పెడతారు. పొరుగువాడు దారి చెప్పగానే యంత్రం ఆ పత్రంతో పోల్చి చూసి, తేడా ఉంటే వినదు. 2011 ప్రాంతంలో మొదలైన ఈ పని నత్తనడక నడిచినా, ఇప్పుడు ప్రపంచపు చిట్టాలో సగానికి పైగా వరుసలకి అలాంటి పత్రాలు ఉన్నాయి. అయితే అది చాటినవాడెవరో సరిచూస్తుంది కానీ, మధ్యలో చేతులు మారిన దారి మొత్తాన్నీ సరిచూడదు. ఆ పని ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఎవరూ బలవంతంగా చేయించలేరు కూడా. ఇంటర్నెట్ కి యజమాని లేడు కాబట్టి, వేలాది సంస్థలు ఎవరికి వారు పూనుకుని చెయ్యాలి.

మన పిల్లల్లో చాలామంది ఈ రంగంలోకే వస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా రేపు ఒక స్విచ్ ముందు కూర్చుని ఈ చిట్టా చూస్తే, వరుసలు ఎలా చదవాలో వాళ్ళకి కాలేజీలో చెప్పే ఉంటారు. దానికి నేను కలిపే సలహా ఒకటే. గమ్యం చూడండి, ఖర్చు చూడండి, కానీ ముందుగా ఆ మొదటి అక్షరమూ, బ్రాకెట్లో మొదటి అంకే చూడండి. ఈ మాట ఎవరు చెప్పారు, మనం దాన్ని ఎందుకు నమ్మాం అన్న ప్రశ్నకి జవాబు అక్కడ మొదలవుతుంది.